ఓడింది మా జట్టే!

2025 ఏప్రిల్ 13వ తేదీ, ఆదివారం. తెల్లవారుజామున అయిదు గంటలకు మా ఇంట్లో దీపం వెలుగుతూ వుండటం చూసి పాలవాడు కంగారుపడ్డాడు. "ఎవరికైనా ఒంట్లో బాగాలేదా, మాస్టారూ?" అని గుమ్మంలోంచే అడిగాడు. "అందరం కులాసాయే. హాకీ చూస్తున్నాను," అన్నాను. అతను పాలు పోసి, నావైపు ఒకసారీ, నా చేతిలో ఫోనువైపు ఒకసారీ చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. పిల్లలకు తెలుగు పాఠం చెప్పుకునేవాడికి ఆ వేళప్పుడు హాకీ ఏమిటని అతనికి అనిపించివుంటే తప్పు అతనిది కాదు. మా ఆవిడకు పదేళ్ళుగా అలాగే అనిపిస్తున్నది.

ఆ ఆట జరుగుతున్నది మన దేశంలో కాదు. అమెరికాలో, సెయింట్ లూయిస్ నగరంలో. ఆడుతున్నవాళ్ళు బాస్టన్ యూనివర్సిటీ కుర్రవాళ్ళూ, వెస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీ కుర్రవాళ్ళూ. అక్కడి కాలేజీల మంచు హాకీలో అది ఆ యేటి చిట్టచివరి మేచ్. మాది బాస్టన్. "మాది" అని ఎంత ధీమాగా అన్నానో చూడండి! ఆ యూనివర్సిటీలో నేను చదవలేదు. మంచుమీద నాలుగడుగులు పడకుండా వెయ్యటం నాకు రాదు. అయినా పదేళ్ళనుంచీ అది మాదే. ఆ వేళ 6–2 తేడాతో శుభ్రంగా ఓడిపోయాం.

చిత్రమేమిటంటే నాకు పెద్ద బాధ కలగలేదు. అవతలివాళ్ళు మనకంటె బాగా ఆడి గెలిచినప్పుడు బాధకు అట్టే చోటుండదు. నన్ను పదేళ్ళుగా పట్టుకున్న ఓటమి వేరే వుంది. అది 2015 ఏప్రిల్ 11న ఒక్క గోలు తేడాతో పోయిన మేచ్. ఆ రోజున నేను ఫోను ముందు కాదు, ఆ స్టేడియంలోనే, పదిహేడువేలమందికి పైగా వున్న జనం మధ్య కూచునివున్నాను. ఆ సంగతి స్నేహితులకు చాలాసార్లు చెప్పానుగాని, ఎప్పుడూ ఒక ముక్క మింగేసి చెప్పాను. ఇప్పుడు ఆ ముక్కతో సహా చెబుతాను.

మా అక్కా బావా బాస్టన్ పక్కన ఒక ఊళ్ళో వుంటున్నారు. 2015 ఫిబ్రవరిలో అక్కకు రెండో కాన్పు. పెద్దవాడు పుట్టిన తొమ్మిదేళ్ళకు వచ్చిన కాన్పు కావటంవల్ల మా అమ్మ నిలవలేకపోయింది. ఆవిడకు రక్తపుపోటు, ఇంగ్లీషు రాదు, విమానం అంటే భయం. వెంట నేను వెళ్ళక తప్పలేదు. కాలేజీలో జీతంలేని సెలవు పెట్టి సంక్రాంతి వెళ్ళగానే బయల్దేరాం. మూడు నెలలు అక్కడ వున్నాను.

ఆ మూడు నెలలూ ఎటువంటివని! బాస్టన్ చరిత్రలో అంత మంచు ఎన్నడూ పడలేదట. ఆ చలికాలానికి మొత్తం 110.6 అంగుళాలు. అంటే తొమ్మిదడుగుల పైమాటే. పొద్దున్నే తలుపు తీస్తే బావ కారు కనపడేది కాదు. బావా నేనూ పారలు పుచ్చుకుని తవ్వుతూవుంటే, కిటికీలోంచి మా అమ్మ "దేముడా, ఈ పిల్ల ఏ ఊరొచ్చి పడిందీ!" అని కళ్ళు తుడుచుకునేది. ఇంట్లో పురిటాలు, బయట మంచు. మగవాడికి చెయ్యటానికి పనిలేదు. అట్లాంటి సమయంలో మా మేనల్లుడు నన్ను హాకీకి పరిచయం చేశాడు.

వాడికి తొమ్మిదేళ్ళు. పిల్లల జట్టులో గోల్ కీపరు. అక్కడ గోల్ కీపర్ని ముద్దుగా గోలీ అంటారు. "మామయ్యా, నేను గోలీని," అని వాడు మొదటిరోజున చెప్పినప్పుడు నేను గోలీకాయలాట అనుకుని, "నేనూ చిన్నప్పుడు బాగా ఆడేవాణ్ణిరా," అన్నాను. ఆ తర్వాత వాడు ఒంటిమీద వేసుకునే సామగ్రి చూశాను. కాళ్ళకు పరుపుల్లాంటి కట్లు, ఛాతీకి కవచం, మొహానికి ఇనపచువ్వల ముసుగు, ఒక చేతికి పలక, ఇంకో చేతికి పనసదొప్పంత తొడుగు. అభిమన్యుడికి కూడా ఇంత సరంజామా వుండివుండదు. ఆ మూట కారులోంచి దింపటం నా ఉద్యోగం అయింది.

మనకు హాకీ అంటే పచ్చగడ్డి, ధ్యాన్‌చంద్. అక్కడ హాకీ అంటే 200 అడుగుల పొడవూ 85 అడుగుల వెడల్పూ వున్న మంచుపలక, చుట్టూ గోడ, గోడమీద అద్దాలు. పక్కకు ఆరుగురు, అందులో ఒకడు గోలీ. ఇరవయ్యేసి నిమిషాల చొప్పున మూడు భాగాలు. బంతికి బదులు మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం వున్న నల్లరబ్బరు బిళ్ళ. దాన్ని పక్ అంటారు. ఎగిరెగిరి పడకుండా ఆటకు ముందు దాన్నికూడా గడ్డకట్టే చలిలో పెడతారు. గోలు ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. ఆటగాళ్ళు ముప్పావు నిమిషానికొకసారి ఆయాసపడుతూ బెంచీ మీదికి వచ్చేస్తుంటారు, కొత్తవాళ్ళు దూకుతుంటారు. మనుషులు మారే వ్యవధికోసం పక్‌ని ఊరికే దూరంగా అవతలి గోలువైపుకు కొట్టేయటం మామూలు. అది గోలు కొట్టటానికి కాదు, ఊపిరి తీసుకోవటానికి. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ దీనితో పనివుంది.

అందరూ మారతారుగాని గోలీ మారడు. అరవై నిమిషాలూ ఆ ఆరడుగుల గుమ్మంలో వాడొక్కడే.

మా బావ ఒంగోలునుంచి వెళ్ళి 1998లో బాస్టన్ యూనివర్సిటీలోనే ఎం.ఎస్. పూర్తి చేశాడు. మార్టిన్ లూథర్ కింగ్ 1955లో డాక్టరేటు తీసుకున్న యూనివర్సిటీ అది. బావ ఆ మాట చెబుతాడుగాని, కింగ్‌ గారిని గురించి రెండు మాటలు, హాకీ గురించి రెండు గంటలు చెబుతాడు. 2005లో అగానిస్ అరీనా అనే కొత్త స్టేడియం కట్టారు. ఒక గ్రీకు కుటుంబంలో పుట్టి, ఆ యూనివర్సిటీలో ఫుట్‌బాలు ఆడి, తర్వాత బేస్‌బాల్‌లోకి వెళ్ళి, 1955లో ఇరవయ్యారేళ్ళకే చనిపోయిన హారీ అగానిస్ అనే ఆటగాడి పేరు దానికి పెట్టారు. నేను మొదట మంచుహాకీ చూసింది అక్కడే. పక్ నాకు సగంసేపు కనిపించనే లేదు. జనం లేస్తే లేచాను, కూచుంటే కూచున్నాను. మూడో మేచ్‌కి కనిపించింది. నాలుగో మేచ్‌కి గొంతు పోయింది.

ఆ యేడు ఎవరికైనా అలాగే అయ్యేది లెండి. అంతకుముందు సంవత్సరం ఆ జట్టు 10 గెలిచి 21 ఓడింది. బావ ఆ ఏడాదిని గురించి మాట్లాడితే ఇంట్లో ఎవరో పోయినట్టు మాట్లాడేవాడు. మరుసటి యేడు జాక్ ఐకెల్ అనే పదిహేడేళ్ళ కుర్రవాడు మొదటి సంవత్సరంలో చేరాడు. వాడు పక్‌తో వస్తుంటే మిగతావాళ్ళు నీళ్ళలో నడుస్తున్నట్టుండేది. 40 మేచ్‌లలో 26 గోళ్ళు తను కొట్టి, 45 ఇతరులచేత కొట్టించాడు. కాలేజీ హాకీలో అన్నిటికంటె పెద్ద బహుమతి హోబీ బేకర్ పేర ఇస్తారు. మొదటి సంవత్సరం విద్యార్థికి అంతకుముందు ఒక్కసారే, 1993లో పాల్ కరియాకి వచ్చింది. రెండోవాడు ఐకెల్.

ఫిబ్రవరిలో బాస్టన్‌లోని నాలుగు యూనివర్సిటీలకూ ఒక పందెం జరుగుతుంది. దానిపేరు "బీన్‌పాట్". అంటే చిక్కుడు గింజలు వండే కుండ! గెలిచినవాళ్ళకు కుండే బహుమానం. "ఈ కుండకోసమా ఇంత గొడవ?" అని మా అమ్మ ఆశ్చర్యపోయింది. మంచు తుఫానులవల్ల ఆ పందెం వాయిదాలు పడింది. సెమీఫైనల్లో హార్వర్డుమీద రెండుసార్లు అదనపు సమయం ఆడి 4–3. ఫిబ్రవరి 23న ఫైనల్లో నార్త్‌ఈస్టర్న్‌మీద మళ్ళీ అదనపు సమయంలో 4–3. కుండ ముప్పయ్యోసారి మా ఇంటికి వచ్చింది. తర్వాత తమ మండలి పోటీలు గెలిచారు. మార్చి ఆఖరున దేశం మొత్తంమీద 16 జట్లతో పోటీ మొదలైంది. ఒక్కసారి ఓడితే ఇంటికే. యేల్‌ని అదనపు సమయంలో 3–2, మినెసోటా డులూత్‌ని 3–2, సెమీఫైనల్లో నార్త్ డకోటాని 5–3. ప్రతిసారీ చచ్చీచెడీ గెలవటమే. ఆ గెలుపుల్లో చాలావాటికి గోలులో నిలబడ్డవాడు ఒక్కడే.

ఆ కుర్రవాడి పేరు ఇక్కడ రాయను. కావాలనుకుంటే మీకు తెలుసుకోవటం క్షణంలో పని. లోకంలో ఆ పేరుతోపాటు ఒక్క నిమిషమే నిలిచిపోయింది. దానికి ఇంకొక తెలుగు కాగితం చేర్చటం నాకిష్టం లేదు.

ఫైనలు బాస్టన్‌లోనే, టీడీ గార్డెన్‌లో. అవతలి జట్టు ప్రావిడెన్స్ కాలేజీ. బాస్టన్‌కి యాభైమైళ్ళ దూరంలో చిన్న కాలేజీ. ఆ 16 జట్లలో చివరివాళ్ళలో ఒకళ్ళుగా చోటు దొరికినవాళ్ళు. ఒక్కసారికూడా దేశపు ఛాంపియన్లు కాలేదు. 1985లో ఒకసారి ఫైనలుకొచ్చి 2–1తో ఓడిపోయారు. ఆ మేచ్‌లో ప్రావిడెన్స్ గోలీ ఎంత బాగా ఆడాడంటే, ఓడినా ఆ పోటీలకల్లా ఉత్తమ ఆటగాడు అతడేనన్నారు. ముప్పయ్యేళ్ళకు మళ్ళీ వచ్చారు.

బావ మూడు టిక్కెట్లు సంపాదించాడు. ఎంత పెట్టి కొన్నాడో అక్కకు ఇప్పటికీ తెలియదు. రైల్లో ముగ్గురం ఎర్రచొక్కాలు తొడుక్కుని కూచున్నాం. బావ దారిపొడుగునా 2009 కథ చెప్పాడు. ఆ యేడు కూడా ఫైనలు ఏప్రిల్ 11నే. వాషింగ్టన్‌లో. ఒహాయోలోని మయామీ యూనివర్సిటీమీద. ఆఖరి నిమిషం మొదలయ్యేవేళకు మయామీ 3–1 మీద వుంది. బావ టీవీ కట్టెయ్యబోయాడట. 59.5 సెకన్లు వుండగా ఒక గోలు, 17.4 సెకన్లు వుండగా ఇంకొకటి. మూడూ మూడూ సమానం! అదనపు సమయంలో బాస్టన్ కుర్రవాడొకడు కొట్టినదాన్ని ఆపటానికి మయామీ కుర్రవాడొకడు మంచుమీద అడ్డంగా జారాడు. పక్ వాడికి తగిలి, గాలిలోకి లేచి, గోలీ తలమీదుగా వెళ్ళి లోపల పడింది. "ఆ రాత్రి మీ అక్క నన్ను ఇంట్లోకి రానివ్వలేదు, వీధిలో ఆ కేకలేమిటని," అని బావ నవ్వాడు. నేనూ నవ్వాను. మేనల్లుడికి ఆ కథ కంఠతా వచ్చు. పెదవులు కదుపుతూ బావతోపాటు చెప్పాడు.

మొదటి గోలు ప్రావిడెన్స్‌ది. గుండె జారింది. అంతలో మావాళ్ళు నాలుగంటే నాలుగు సెకన్ల తేడాలో రెండు గోళ్ళు కొట్టారు. మొదటిదానికి లేచినవాళ్ళం ఇంకా కూచోలేదు, రెండోది పడింది. రెండో భాగంలో వాళ్ళు సమానం చేశారు. మళ్ళీ మనం 3–2. ప్రావిడెన్స్ గోలీ జాన్ గిలీస్ మాత్రం కొరకరాని కొయ్య. ఆ రాత్రి మొత్తం 49 ఆపాడు. ఐకెల్ ఎంత మాయచేసినా అతనికి గోలు ఇవ్వలేదు.

మూడో భాగం. 3–2. ఇహ పది నిమిషాలు లేవు. బావ చేతులు జోడించుకుని వున్నాడు. ప్రావిడెన్స్ కుర్రవాడొకడు మైదానం మధ్యనుంచి, తనవాళ్ళు మారటంకోసం, పక్‌ని ఊరికే పైకెత్తి మా గోలువైపు విసిరాడు. ఇందాక గుర్తుంచుకోమన్నది ఇదే. అది నెమ్మదిగా, పైనుంచి, పిల్లలు ఆడుకునే బంతిలా వచ్చింది. దగ్గర్లో శత్రువెవడూ లేడు. మా గోలీ చెయ్యెత్తి తొడుగులో పట్టుకున్నాడు. పట్టుకున్నాడు, నేను చూశాను. తర్వాత చెయ్యి దించాడు. చేతిలో పక్ లేదు. అది ఎక్కడుందో వాడికి తెలియలేదు. కాళ్ళ మధ్య పడింది. వాడు కాళ్ళు దగ్గరకు లాక్కున్నాడు, అది వెనక్కు జారి గీత దాటింది.

అంత పెద్ద భవనంలో ఒక క్షణం ఏ శబ్దమూ లేదు. ప్రావిడెన్స్‌వాళ్ళకు కూడా అర్థంకాలేదు. అర్థమయ్యాక కేకలు మిన్నుముట్టాయి. 3–3. గడియారంలో 8 నిమిషాల 36 సెకన్లు మిగిలివుంది.

నేను లేచి నిలబడ్డాను. నా నోట్లోంచి వచ్చింది వచ్చినట్టే రాస్తున్నాను. "ఆ చేతులున్నది అన్నం తినటానికేనా, వెధవా! అందరి కష్టమూ బూడిదలో పోశావు గదరా!"

చుట్టూ వున్నవాళ్ళు ఇంగ్లీషులో తమ తిట్లు తాము తిట్టుకుంటున్నారు. నా తిట్టు ఎవరికీ అర్థంకాలేదు. ఇద్దరికి తప్ప. బావ వినిపించుకునే స్థితిలో లేడు. మా మేనల్లుడు మాత్రం మంచువైపు చూడటం మానేసి నా మొహంలోకి చూశాడు. వాడు ఏడవలేదు, ఏమీ అనలేదు. మెల్లిగా కూచుని, రెండు చేతులూ మోకాళ్ళకింద పెట్టుకున్నాడు.

రెండు నిమిషాల పందొమ్మిది సెకన్ల తర్వాత ప్రావిడెన్స్ కుర్రవాడు బ్రాండన్ టానెవ్ నాలుగో గోలు కొట్టాడు. ఆ తర్వాత ఆరు నిమిషాలు మావాళ్ళు గోలుమీద పడి కొట్టారు. గిలీస్ ఆపాడు. గంట మోగింది. 4–3. గెలిచినవాళ్ళు చేతికర్రలూ తొడుగులూ గాలిలోకి విసిరేసి ఒకరిమీద ఒకరు పడ్డారు. మా గోలీ కాసేపు ఒంటరిగా వున్నాడు. ఆ ఆటలో ఒక మర్యాద వుంది. ఎంత కొట్టుకున్నా చివరికి రెండు జట్లూ ఎదురెదురు వరసల్లో వచ్చి అందరూ అందరితోనూ కరచాలనం చేసుకోవాలి. వాడూ చేశాడు. తర్వాత పత్రికలవాళ్ళు చుట్టుముట్టితే దాక్కోకుండా కూచుని, ఓటమికి కారణం తానేనన్నాడని మర్నాడు చదివాను.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. 1998లో మా కాలేజీ వార్షికోత్సవంలో "పాండవోద్యోగం" వేశాం. నాది ధర్మరాజు వేషం. నెలరోజులు సాధన చేశాను. తెర లేచింది, పద్యం ఎత్తుకున్నాను. మొదటి పాదం అద్భుతంగా వచ్చింది. రాగం తీశాను, చప్పట్లుకూడా పడ్డాయి. రెండో పాదం రాలేదు. హార్మోనియం ఆయన పాపం శ్రుతి ఇస్తూనే వున్నాడు. మూడుసార్లు ఇచ్చాడు. తెర వెనకనుంచి ఎవరో అందించారు, అదీ వినపడలేదు. అప్పుడు వెనక బెంచీలనుంచి ఒక గొంతు లేచింది. "ఇంటికెళ్ళి పుస్తకం చూసి రావయ్యా, ధర్మరాజూ!" జనం ఘొల్లున నవ్వారు. ఆ పద్యం ఆ తర్వాత ఎన్ని తరగతుల్లో చెప్పానో లెక్కలేదు, రెండో పాదం దగ్గర ఇప్పటికీ నా గొంతు తడబడుతుంది. ఆ కేకవేసినవాడెవడో తెలియదు. పదిహేడేళ్ళు వాణ్ణి తిట్టుకుంటూ బతికాను. సభ్యతలేనివాడనీ, సాహిత్యం తెలియనివాడనీ అనుకున్నాను. సాహిత్యం తెలిసినవాడు కూడా అలాగే అరుస్తాడని టీడీ గార్డెన్‌లో తేలింది.

ఆ స్టేడియం కిందనే రైల్వేస్టేషను. జనంలో పడి కిందికి దిగాం. రైల్లో ఎర్రచొక్కాలవాళ్ళు ఎవరూ మాట్లాడటంలేదు. చాలాసేపటికి బావ, "ఆరేళ్ళ కిందట ఇదే తేదీ," అన్నాడు.

"ఆ మయామీ కుర్రాడు, వాడి ఒంటికి తగిలి గోలులో పడిందన్నావే, వాడేమయ్యాడు బావా?" అని అడిగాను.

బావ నావైపు వింతగా చూశాడు. "ఏమో, నాకేం తెలుసు? అప్పుడు వాడివైపు ఎవరు చూశారు?" అన్నాడు.

మేనల్లుడు కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోవటంలేదని నాకు తెలుసు.

ఇంటికి వెళ్ళేసరికి మా అమ్మ పసిదాన్ని ఒళ్ళో వేసుకుని కూచునివుంది. ఓడిపోయామని బావ చెప్పాడు. ఎలా ఓడిపోయామో కూడా చెప్పాడు. ఆవిడ అంతా విని, "ఆ గోలీ పిల్లాడి తల్లి అక్కడే వుందిటా?" అంది.

మేం ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. మేనల్లుడు చెప్పులు విప్పుతున్నవాడు ఆగి అమ్మమ్మవైపు చూశాడు. తిన్నగా వెళ్ళి ఆవిడ పక్కన, భుజానికి ఆనుకుని కూచున్నాడు. ఆ రాత్రి నా దగ్గరకు రాలేదు.

మర్నాడు ఆదివారం. నేను కాఫీ తాగుతుంటే వాడు టెన్నిస్ బంతీ, తన తొడుగూ పట్టుకుని వచ్చి, "మామయ్యా, వేస్తావా?" అన్నాడు. ఇంటిముందు కారు నిలిపే చోటుకు వెళ్ళాం. ఏప్రిల్ సగానికి వస్తున్నా గోడవార మసిబారిన మంచుకుప్ప కరక్కుండా వుంది. ఎలా వెయ్యాలో వాడే చెప్పాడు. గట్టిగా వద్దు, పైకెత్తి, మెల్లిగా, రాత్రి వచ్చినట్టు.

వేశాను. వాడు పట్టుకున్నాడు. పట్టుకుని ఊరుకోకుండా, తొడుగు కిందికి వంచి, బంతిని పాదాల పక్కన నేలమీద పెట్టాడు. మళ్ళీ నాకు విసిరాడు.

"పట్టుకుని అలాగే వుంచుకోవచ్చు గదరా?" అన్నాను.

"వుంచుకోవచ్చు. అప్పుడు రెఫరీ ఈల వేస్తాడు, ఆట ఆగిపోతుంది. దగ్గర్లో ఎవరూ లేకపోతే కింద పెట్టి మనవాళ్ళకివ్వాలి. మా కోచ్ కూడా అలాగే చెయ్యమంటాడు," అని వచ్చీరాని తెలుగులో చెప్పాడు. కొంచెం ఆగి, "అతను బద్ధకించలేదు మామయ్యా. అతను ఆట ఆడిద్దామనుకున్నాడు," అన్నాడు.

నిజంగా ఆ గోలీ మనసులో అదే వుందో లేదో నేను చెప్పలేను. కాని తొమ్మిదేళ్ళ గోలీ ఆ ఒక్క క్షణాన్ని రాత్రంతా విప్పి చూసుకున్నాడు. నేను చూసింది చేతిలోంచి జారటం. వాడు చూసింది ఎందుకు జారిందని.

వేస్తూనే వున్నాను. వాడు అంకెలు లెక్కపెడుతున్నాడు. ముప్పయ్యో నలభయ్యో అయ్యాక ఒక బంతి తొడుగు అంచుకు తగిలి కాళ్ళ మధ్యనుంచి వెనక్కు దొర్లిపోయింది. వాడు దానికోసం వెనక్కు తిరగలేదు. ముందు నా మొహం చూశాడు.

ఏమనాలో నాకు తోచలేదు. తరగతిలో వెయ్యిమాటలు చెప్పేవాణ్ణి. "తప్పు నాదే, ఎత్తు ఎక్కువైంది," అన్నాను. అబద్ధం. బంతి సరిగ్గానే పడింది. వాడికీ తెలుసు. వెళ్ళి బంతి తెచ్చి, "కాదు. నేనే వదిలేశాను. అయినా మళ్ళీ వెయ్యి," అన్నాడు. నూరు పూర్తయ్యేదాకా లోపలికి రానివ్వలేదు. నా భుజం రెండురోజులు నొప్పి పెట్టింది. నిన్న రాత్రి నేనన్నమాటకు నీకు క్షమాపణ చెప్పుకుంటున్నానురా అని ఆ నూరు బంతుల్లో ఎక్కడో చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. ఆ వారంలోనే అమ్మా నేనూ తిరిగివచ్చేశాం. అప్పటికే పరీక్షల పేపర్లు కట్టలుకట్టలు నాకోసం కాచుకునివున్నాయి.

ఐకెల్ ఆ ఒక్క యేడే చదివి వృత్తిహాకీలోకి వెళ్ళాడు. 2023లో వేగస్ జట్టుతో స్టాన్లీ కప్పు గెలిచాడు. నాలుగో గోలు కొట్టిన టానెవ్ కూడా వృత్తిహాకీలో పేరు తెచ్చుకున్నాడు. మా గోలీని కూడా ఆ యేడే ఒక వృత్తిజట్టు తీసుకుంది. ఆటలు తెలిసినవాళ్ళు ఆ ఒక్క నిమిషాన్ని పట్టుకుని అతన్ని కొలవలేదన్నమాట. అభిమానులమే కొలిచాం. మా మేనల్లుడు పదిహేనో యేట మోకాలు దెబ్బతిని ఆడటం మానేశాడు. ఇప్పుడు ఇంకొక రాష్ట్రంలో కాలేజీ చదువు. బాస్టన్ మేచ్ ఒక్కటీ వదలడు.

ఈ 2025 ఫైనలు అయిపోయిన వెంటనే ఫోను చేశాడు. మొహమంతా గడ్డం, గొంతు బొంగురు.

"చూశావా మామయ్యా?"

"చూశానురా. ఈసారి ఎవర్నీ తిట్టలేదు," అన్నాను. పదేళ్ళకు ఆ మాత్రం మాట బయటికి వచ్చింది.

వాడు పకపక నవ్వాడు. "ఆరు గోళ్ళు పడ్డాయి, ఎవర్నని తిడతావు?" అన్నాడు. మళ్ళీ నవ్వు ఆపి, "నువ్వు ఆ రోజు నూరూ వేశావు మామయ్యా. నాన్న అయితే ఇరవైకే లోపలికి వెళ్ళిపోయేవాడు," అన్నాడు.

ఇంతలో మా అమ్మ పూజగదిలోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. ఫోనులో మనవణ్ణి చూసి, "మళ్ళీ ఓడిపోయారుట్రా? ఈసారి గోలీ ఎవరి పిల్లాడు?" అంది.

"ఈ అబ్బాయిది రష్యా, అమ్మమ్మా."

"రష్యాలో ఇప్పుడు పొద్దున్నా, రాత్రా?"

వాడు లెక్కకట్టి చెప్పాడు. "తెల్లవారుజాము. అయిదవుతుంది."

"అయితే వాళ్ళమ్మ నిద్రపోయి వుండదు," అంది మా అమ్మ, కాఫీకి నీళ్ళు పెడుతూ.